తెర మీది పొర తీయరాదు

కాశిబుగ్గలోని నవ్యకాంతి జంపఖానా నేత కార్మికుల సహకార సంఘం మొన్న దసరా నుంచి డిజిటల్ యుగంలో ఉన్నదని ఇందుమూలంగా సమస్త ప్రజానీకానికి తెలియజేయడమైనది. అంతకుముందు ఆ సంఘం ఏ యుగంలో ఉండేదని ఎవరూ అడగకూడదు. అప్పుడక్కడ మగ్గాలుండేవి, నేసేవాళ్లుండేవాళ్లు, నేసిన జంపఖానాలు కొనుక్కుని ఇంట్లో పరుచుకునేవాళ్లుండేవాళ్లు. అంత వెనకబాటుతనాన్ని ఎన్నాళ్లని భరించడం?

కొత్త యుగం ఒక కంప్యూటర్ మానిటర్ రూపంలో, ఆటోలో, సంఘం అధ్యక్షులు సారంగపాణి గారి ఒళ్లో కూర్చుని వచ్చింది. ఆధునికీకరణ పథకం కింద సంఘానికి గ్రాంటు మంజూరైంది. డిజైన్లు ఇకపై గళ్ల కాగితం మీద కాక తెర మీద చూసి నేయవలెనని, అందుకు కొత్త మానిటర్ ఒకటి కొనవలెనని ఉత్తర్వులో స్పష్టంగా రాశారు. సారంగపాణి గారు పద్ధతిగల మనిషి కనుక గ్రాంటులోంచి ముందుగా ప్రారంభోత్సవం ఖర్చు తీసి పక్కన పెట్టారు. షామియానా, మైకు, శాలువాలు, మటన్ భోజనాలు, కాశిబుగ్గ నుంచి వెంకట్రామా టాకీసు దాకా ఫ్లెక్సీలు. ఫ్లెక్సీలో తన బొమ్మ ఎంత పెద్దగా ఉండాలన్న విషయంలో ఆయన ఎవరి మాటా వినలేదు. ఇవన్నీ పోగా మిగిలిన దాంతో కొత్త మానిటర్ రాదని, కొత్త మానిటర్ అట్టపెట్టె మాత్రం రావచ్చని లెక్క తేలింది. అప్పుడు ఎవరో హన్మకొండలో రమాకాంత్ దుకాణం పేరు చెప్పారు.

రమాకాంత్ గురించి చెడ్డగా రాయడానికి నాకు మనసొప్పదు. హైదరాబాద్ కంపెనీలు వాడి వాడి వదిలేసిన కంప్యూటర్లను అతను లారీలో తెచ్చి, తుడిచి, పేరుమార్చి వరంగల్ విద్యార్థులకూ ఆఫీసులకూ అందజేస్తాడు. పాత అనే మాట అతని దుకాణంలో వినపడదు.

"మాకు పాతది వద్దు," అన్నారు సారంగపాణి గారు లోపలికి అడుగుపెడుతూనే.

"పాతది ఎవడిస్తాండు సార్ మీకు? గిది రీఫర్బిష్డ్."

"అంటే ఏంది?"

"అంటే పాతదే గని కొత్తగ జేసినం. జర మీరే సూడుండ్రి సార్, ముంగటి ఫిల్మ్ గూడ తియ్యలే."

ఆ ఫిల్మ్‌ను రమాకాంత్ ఆ రోజు పొద్దున్నే అంటించాడు. సోఫాలకు చుట్టే ప్లాస్టిక్ చుట్ట ఒకటి అతనికి ఎక్కడో చవకగా దొరికింది. అది కొంచెం పొగచూరిన రంగులో ఉండేది. అంటించేటప్పుడు మధ్యలో గాలి బుడగ ఒకటి ఇరుక్కుపోయింది. దాన్ని బొటనవేలితో తోసి తోసి కుడిపక్కకు చేర్చాడు కానీ బయటికి పంపలేకపోయాడు. ఫిల్మ్ మూలన ఒక గుండ్రటి చీటీ అంటించి, దాని మీద "ఇది చినిగితే గ్యారంటీ లేదు" అని రాసి, తన దుకాణం ముద్ర కొట్టాడు.

ఆ పొరను చూడగానే సారంగపాణి గారి ముఖం విప్పారింది. ఆయన పొరను గౌరవించే మనిషి. ఆయన ఇంట్లో సోఫాకు కవరు ఉంది, దాని మీద కూర్చుని లేస్తే చొక్కా అక్కడే అతుక్కుంటుంది. ఫ్రిజ్ తలుపుకు పొర ఉంది. టీవీ రిమోట్ పుట్టినప్పటి నుంచి గాలి పీల్చలేదు, నంబర్లు కనపడక ఇంట్లో అందరూ ఒకటే ఛానల్ చూస్తారు. మన దగ్గర వస్తువు వయసును అది తయారైన రోజు నుంచి లెక్కపెట్టరు, పొర తీసిన రోజు నుంచి లెక్కపెడతారు. పొర తీయనంతకాలం అది ఇంకా పుట్టలేదన్నట్టే. ఈ శాస్త్రం తెలియనివాళ్లు తెలుగునాట అరుదు కనుక నేను ఎక్కువ వివరించను.

సంఘం కొనుగోళ్ల కమిటీ సమావేశమై మానిటర్‌ను నాలుగు వైపుల నుంచి చూసింది. "మానిటర్ ముఖభాగమున పొర యథాతథంగా ఉన్నందున ఇది కొత్తదని నిర్ధారించడమైనది. సదరు కొత్తదనమును కాపాడు నిమిత్తం సదరు పొరను ఎవ్వరూ ఎట్టి పరిస్థితుల్లోనూ తీయరాదని తీర్మానించడమైనది," అని రాసి అందరూ సంతకాలు పెట్టారు. వెనక్కి తిప్పి చూసిన ఒకాయన అక్కడ మరో కంపెనీ పేరు, ఎవరో గోటితో గీసిన హృదయం గుర్తు కనిపించాయన్నాడు. వెనక భాగం కమిటీ పరిధిలోకి రాదని ఆయనకు నచ్చజెప్పారు.

దసరా నాడు పూజ జరిగింది. మానిటర్ నాలుగు మూలలా పసుపు రాసి, నట్టనడుమ రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. సుబేదారిలోని చేనేత శాఖ ఆఫీసు నుంచి అభివృద్ధి అధికారి భానుచందర్ గారు ముఖ్య అతిథిగా వచ్చి రిబ్బన్ కత్తిరించి ప్రసంగించారు. "నిన్నటిదాకా మన నేతన్న గుంటలో కూర్చుని నేలను చూశాడు. నేటి నుంచి తెర ముందు నిలబడి విశ్వాన్ని చూస్తాడు. ఇక మనల్ని ఆపేవాళ్లు లేరు," అన్నారాయన. షెడ్డులో ఆడుతున్న ఒకే ఒక్క మగ్గాన్ని, మైకు సరిగ్గా వినపడటం లేదని, ఆ కాసేపు ఆపించారు. మటన్ బాగా కుదిరిందని అతిథులందరూ ఏకాభిప్రాయానికి వచ్చారు.

ఆ ఒక్క మగ్గం వెంకటరాజంది. ఒకప్పుడు ఆ షెడ్డు నిండా మగ్గాలే. ఒక్కొక్కటే లేచిపోగా, తండ్రి చేయించిన టేకు మగ్గం మీద వెంకటరాజం, పక్కన నూలు చుడుతూ అతని భార్య యాకమ్మ మిగిలారు. నేయడం తప్ప అతనికి మరో పని రాదు, వచ్చినా చేయడు. ఆ మగ్గం ఆ చోట ఆడుతూ ఉండాలన్నదే అతని కోరిక. చిన్న కోరికే. కానీ ఆ మగ్గం ఉన్న స్థలం మీద సంఘానికి పెద్ద ఆలోచనలున్నాయి. అక్కడ డిజిటల్ శిక్షణ కేంద్రం పెట్టాలన్నది సారంగపాణి గారి కల.

కలకు అడ్డంగా ఆర్డర్ ఒకటి వచ్చి పడింది. హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్ వాళ్లు తమ గదులన్నిటికీ వరంగల్ జంపఖానాలు పరుస్తామని, నమూనాగా ముందు ఒకటి నేసి చూపించమని అడిగారు. నచ్చితే ఏళ్ల తరబడి పని. హోటల్ తరఫున సుభాషిణి అనే ఆవిడ డిజైన్‌ను కంప్యూటర్‌కు పంపింది. పండుమిరప ఎరుపు నేల, చుట్టూ తెల్లటి గొలుసు అంచు, అంతే. సంఘం వెంటనే సమావేశమై, ఆర్డర్ ఖాయమైతే మగ్గం ఉంటుందని, పోతే మగ్గం తీసేసి కంప్యూటర్ బల్లలు వేయాలని తీర్మానించింది. సారంగపాణి గారు ఆ సంగతి వెంకటరాజానికి స్వయంగా చెప్పి భుజం తట్టారు. ఆయన వెంకటరాజానికి వరసకు అల్లుడవుతారు.

సంఘంలో నూలు ఇచ్చేముందు రంగు నూలు ముక్కల్ని డిజైన్ పక్కన పెట్టి పోల్చి చూడటం ఆచారం. సారంగపాణి గారు కళ్లద్దాలు పెట్టుకుని ముక్కల్ని ఒక్కొక్కటే తెరకు ఆనించి చూశారు. పొగరంగు పొర వెనకాల, ముసలి మానిటర్ లోపల, పండుమిరప కాస్తా కాఫీపొడిగా మారిపోయింది. తెల్ల గొలుసు బెల్లం నీళ్లలో ముంచినట్టుంది. ఆయన ఎంతో శ్రద్ధగా కాఫీపొడి రంగు నూలు, బెల్లం రంగు నూలు తీసి వెంకటరాజం చేతికిచ్చారు.

"ఎరుపని జెప్పి గీ మన్ను రంగు నూలు ఇస్తాన్నవేంది అల్లుడా?"

"తెర మీద గదే ఉన్నది మామా. జర కండ్లు పెట్టి సూడు."

"తెర మీద పొర ఉన్నదిరా."

"పొర ఉన్నది గావట్టే అది కొత్తది," అన్నారు సారంగపాణి గారు. దాని మీద ఇక వాదించడానికి వెంకటరాజానికి ఏమీ తోచలేదు.

యాకమ్మకు తోచింది. సంఘం వాట్సాప్ గ్రూపులో ఆ డిజైన్ ఎప్పుడో వచ్చిపడింది. ఆమె ఫోన్ పట్టుకుని నేరుగా ఆఫీసులోకి వెళ్లింది.

"గిది సూడు పాణీ. ఎర్రగ లేదా? నీ డబ్బల గట్లెందుకు కనవడ్తాంది?"

ఆయన చూశారు. ఎర్రగానే ఉంది. చాలాసేపు ఆలోచించి, యాకమ్మ ఫోన్ ఆమె సొంత ఆస్తి అని, దాని మీద సంఘానికి ఎలాంటి అదుపు లేదని, వ్యక్తిగత ఫోన్లలో కనిపించు రంగులకు సంఘం బాధ్యత వహించదని వివరించారు. సంఘానికి ఒకటే మానిటర్, కనుక ఒకటే ఎరుపు.

"పోనీ గా బొట్టన్న తుడువనియ్యి, డిజైన్ నడిమిట్ల మచ్చ లెక్క ఉన్నది," అని యాకమ్మ కొంగు పట్టుకుని ముందుకు జరిగింది.

ఆఫీసులో ఉన్నవాళ్లంతా ఒక్కసారి లేచి నిలబడ్డారు. నిండు బొట్టుతో కళకళలాడుతున్న మానిటర్‌కు బొట్టు చెరపడమా! సారంగపాణి గారు రెండు చేతులూ అడ్డం పెట్టారు. యాకమ్మ తలకొట్టుకుంటూ బయటికొచ్చింది.

వెంకటరాజం ఇంట్లో పాత పని తాలూకు ఎర్ర నూలు ఉంది. అతను దాన్ని తెచ్చి మగ్గానికెక్కించాడు. పండుమిరప ఎరుపు నేల, తెల్ల గొలుసు అంచు. దువ్వెనలాంటి ఇనుప పంజాతో పేక నూలును కొట్టి దించుతుంటే షెడ్డు బయటికి చప్పుడు వినిపించేది, దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. వారం తిరగకముందే జంపఖానా దిగింది. నేను చూశాను. ఈ కథలో నేను వెటకారం లేకుండా చెప్పగల మాట ఇదొక్కటే: అది చాలా అందంగా ఉంది.

నాణ్యతా కమిటీ దాన్ని తీసుకెళ్లి మానిటర్ పక్కన పెట్టి చూసింది. కలవలేదు. తెర మీద కాఫీపొడి, పక్కన ఎరుపు. పైగా తెర మీద నట్టనడుమ గుండ్రటి బొట్టుంటే జంపఖానాలో లేదు. మూలల్లో పసుపు లేదు. కుడిపక్కన బుడగ లేదు. "రంగు భేదము, బొట్టు లోపము, బుడగ గల్లంతు" అని కారణాలు చూపి కమిటీ సరుకును తిరస్కరించింది. ఎందుకైనా మంచిదని భానుచందర్ గారిని పిలిపించారు.

భానుచందర్ గారు చదువుకున్న మనిషి. జంపఖానాను చూశారు, తెరను చూశారు, పొరను చూశారు. ఆయనకు అంతా అర్థమైంది. అర్థమైన అధికారికి భయం కూడా వెంటనే వస్తుంది. ఆయన రమాకాంత్‌కు ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేశారు.

"ఫిల్మ్ తీస్తే ఏమవుతుందయ్యా?"

"తీస్తే గ్యారంటీ పోతది సార్."

"తీయకపోతే?"

"తియ్యకుంటే ఇగ ఏం ఫికర్ లేదు. గ్యారంటీ సల్లగుంటది."

"దేనికి గ్యారంటీ?"

"ఫిల్మ్ ఊడిపోదని సార్."

భానుచందర్ గారు ఫోన్ పెట్టేసి, గొంతు సవరించుకుని, ఉన్న నలుగురినీ సభగా భావించి మాట్లాడారు. "మిత్రులారా, పొర తీస్తే ఈ మానిటర్ పాతదవుతుంది. పాతదైతే పాతదెందుకు కొన్నారని పైవాళ్లు అడుగుతారు. కొత్తదని మనమే సంతకాలు పెట్టాం, నేనే రిబ్బన్ కత్తిరించాను. కనుక ఒక నేత కార్మికుడి కళ్లకు కనిపించిన రంగు కోసం మనం వ్యవస్థ మీద నమ్మకాన్ని చించివేయలేం. తెరపై కనిపించునదే రంగు." చప్పట్లు కొట్టారు. తిరస్కరించిన సరుకు అమ్మరాదన్న నిబంధనను కూడా ఆయన గుర్తుచేశారు. మానిటర్ కింద బల్ల గరుగ్గా ఉందని, ఆ ఎర్ర జంపఖానాను మడిచి దాని కింద వేశారు.

ఆ సాయంత్రం వెంకటరాజం అన్నం ముందు కూర్చుని తినలేకపోయాడు. కోపంతో కంచం పక్కకు తోశాడు. నలభై రకాల ఎరుపులు పేర్లు పెట్టి చెప్పగలిగినవాడికి మట్టిని ఎరుపనమని చెబితే ఎంత అవమానంగా ఉంటుందో అంత అవమానంగానూ ఉంది.

"పోనియ్యయ్యా," అన్నది యాకమ్మ. "ఆళ్లు సూపిచ్చినట్టే నెయ్యి. మగ్గం నిలవడితె సాలు. రంగుదేమున్నది."

ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆమె మొగుడి ముఖంలోకి చూడలేదు.

వెంకటరాజం నేశాడు. తెర మీద ఏది ఉంటే అది నేశాడు. కాఫీపొడి నేల, బెల్లం గొలుసు, నాలుగు మూలలా పసుపు మరకలు, నట్టనడుమ కుంకుమ బొట్టు. కుడిపక్కన గాలిబుడగను ఎంత బాగా తేల్చాడంటే, చూసినవాళ్లకు వంగి బొటనవేలితో నొక్కాలనిపించేది. నాణ్యతా కమిటీ సభ్యుల్లో ఇద్దరు నొక్కారు కూడా. తెరతో అచ్చుగుద్దినట్టు సరిపోయిందని వెంటనే ఆమోదించి, వెంకటరాజానికి శాలువా కప్పారు. శాలువా కవరులోనే ఉంది. అతను కవరు విప్పబోతే సారంగపాణి గారు చెవి దగ్గరికి వంగి, "ఇప్పకు మామా, ఎల్లుండి ఇంకో సన్మానం ఉన్నది," అన్నారు. కవరులోని శాలువా భుజం మీద నిలవక రెండుసార్లు జారింది, రెండుసార్లూ చప్పట్లు మోగాయి.

తరువాతి వారం హోటల్ నుంచి సుభాషిణి గారు కారులో దిగారు. జంపఖానాను ఆవిడ ముందు పరిచారు. ఆవిడ వంగి, నడుమనున్న బొట్టును వేలితో తడిమి చూశారు.

"మేం పంపింది ఎరుపు కదండీ?"

"ఇదే మేడం ఆ ఎరుపు," అని సారంగపాణి గారు గర్వంగా తెర చూపించారు. "ఇంచు తేడా లేదు, మీరే కలిపి చూసుకోండి."

"ఆ ఫిల్మ్ తీసి చూశారా?"

"మేడం, అది కొత్తది!"

ఆవిడ గోరు ఫిల్మ్ అంచు దాకా వెళ్లింది. సారంగపాణి గారు మళ్లీ రెండు చేతులూ అడ్డం పెట్టారు. ఆవిడ గోరు వెనక్కి తీసుకున్నారు, ఎందుకంటే ఆవిడ చూపు అప్పటికే మానిటర్ కిందికి పోయింది. మడతల్లోంచి ఎర్రటి అంచు బయటికి కనిపిస్తోంది.

"అరె, నాక్కావలసింది ఇదే! ఎవరు నేశారు?"

"నేనేనమ్మా," అన్నాడు తలుపు దగ్గర నిలబడ్డ వెంకటరాజం. అతను ఒక అడుగు లోపలికి వేశాడు. "ఎన్నంటె గన్ని నేసిస్త."

"అది రిజెక్ట్ అయిన మాల్ మేడం," అని సారంగపాణి గారు నవ్వుతూ సర్దిచెప్పారు. "రూల్ ప్రకారం అమ్మకూడదు. చూపించనూ కూడదు, మీరు చూసేశారు కనుక ఏమనలేం."

"అల్లుడా, ఆమె అడుగుతాంది గదరా!"

"నువ్వు జరసేపు ఉండు మామా, ఆఫీసు విషయం."

సుభాషిణి గారు వెంకటరాజం వైపు ఒకసారి చూశారు. ఆవిడకు జాలేసింది. కానీ ఆవిడకు కూడా పైన ఆఫీసు ఉంది. ఆమోదించిన సరుకు ఎరుపు కాదు, ఎరుపైన సరుకుకు ఆమోదం లేదు. ఇది రాసుకుపోయి ఎవరికి చూపించాలి? వెళ్లేముందు షెడ్డులోకి తొంగిచూసి, "మగ్గం మాత్రం భలే ఉందండీ," అన్నారు. హోటల్ గదులకు ఎక్కడో మిషన్ల మీద తయారైన ఎర్ర తివాచీలు తెప్పించారని తర్వాత తెలిసింది.

ఆర్డర్ పోయింది కనుక తీర్మానం అమలైంది. మగ్గాన్ని ఊడదీసేటప్పుడు వెంకటరాజం పక్కనే ఉండి, ఏ కర్ర ఎటు లాగాలో, ఏ మేకు ముందు తీయాలో తనే చెప్పాడు. తెలియనివాళ్లు లాగితే టేకు చీలిపోతుందని అతని భయం. యాకమ్మ అక్కడ నిలబడలేక ఇంటికి వెళ్లిపోయింది. ఖాళీ అయిన చోట కంప్యూటర్ బల్లలు వేశారు. వాటి మీదికి మరిన్ని మానిటర్లను రమాకాంతే సరఫరా చేశాడు, అన్నీ పొరలతో సహా. పోతూ పోతూ, షెడ్డులో ఉన్నదంతా సంఘానిదేనని లెక్కగట్టి సంఘం ఇచ్చేసిన మగ్గం కర్రల్ని తన వ్యానులో వేసుకుపోయాడు. అవి అతని చేతిలో ఎంతోకాలం పాతగా ఉండలేదు. మెరుగు నూనె పట్టించి, బిగించి, రీఫర్బిష్డ్ మగ్గంగా అమ్మేశాడు. కొన్నది సుభాషిణి గారి హోటలే. లాబీలో వరంగల్ వాతావరణం లేదని పై ఆఫీసు వాళ్లు గొడవపెడుతున్నారట.

మగ్గం ఒక్కటీ ఉంటే బోసిగా ఉంది. దాంతో వెంకటరాజానికి కబురొచ్చింది. అతని కోరిక తీరిందని, మగ్గం దగ్గరే నెల జీతం మీద కుదిరాడని, కళాకారుల్ని ఆదుకోవడం అంటే ఇదేనని భానుచందర్ గారు రెండు సభల్లో చెప్పారు.

ఇప్పుడతను హోటల్ వాళ్లిచ్చిన తలపాగా చుట్టుకుని పొద్దంతా ఆ మగ్గం ముందు కూర్చుంటాడు. మగ్గం మీద ఎర్రటి జంపఖానా ఒకటి సగం నేసి ఉంది. దుమ్ము పడకుండా దాన్ని పడుగుతో సహా ప్లాస్టిక్ పొరతో బిగించి చుట్టారు. నేస్తే నూలు అయిపోతుందని, అయిపోతే పాతబడుతుందని, చేతులు పొర మీద ఆనించి నవ్వుతూ ఉంటే చాలని అతనికి చెప్పారు.

యాకమ్మ కాశిబుగ్గ నుంచి ఫోన్ చేస్తుంది.

"ఏం జేస్తాన్నవయ్యా?"

"కూసున్న."

"నేస్తలేవా?"

"నెయ్యనిస్తలేరే," అంటాడు, చుట్టూ చూసి గొంతు తగ్గించి.

మీరు అతన్ని చూసే ఉంటారు. పోయిన పెళ్లిళ్ల సీజన్‌లో మీరు ఆ హోటల్‌కు వెళ్లారు కదా. చేనేత అంటే మీకు ప్రాణమని పక్కవాళ్లతో అన్నారు కూడా. పిల్లల్ని మగ్గం దగ్గర నిలబెట్టి, "తాతా, జర నేస్తున్నట్టు చెయ్యి," అన్నది మీరే. అతను చేశాడు. ఫొటో బాగా వచ్చింది, అందరూ మెచ్చుకున్నారు. ఆ తర్వాత పక్క దుకాణంలో, మిషన్ మీద చేసిందని తెలిసే, చవకగా వస్తోందని అలాంటిదే ఎర్రది ఒకటి కొన్నారు. తీసుకెళ్లి బీరువా మీద పెట్టారు.

కవరు ఇంకా విప్పలేదు కదా? మంచి పని చేశారు.